డైనో గదిలో ఊడిన ప్లగ్గు

"కూర్చోండి. మంచినీళ్లు తాగాకే నోరు విప్పండి. తొందరేం లేదు" అన్నాడు డిటెక్టివ్.

నోరు తెరిస్తే చురకే కాబట్టి లోకం ఆయనకు చురకాయన అని పేరు పెట్టింది. పక్కన కూర్చుని అన్నీ రాసుకునే మేనకోడలికి మాత్రం ఆయన దేవుడు.

వచ్చినవాడు ఇంజన్ల ఫ్యాక్టరీలో మీటర్ల మేస్త్రి. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఇంజన్‌ను ఒక బ్రేకుకు బిగించి, తిప్పి, దాని బలమెంతో కొలిచే డైనో యంత్రం ఆయన చేతిలోనే ఉంటుంది. నిన్న కొనుగోలుదార్ల ముందు పరీక్ష పెడితే, తెరమీద బలం చూపించే గీత పిచ్చెక్కినట్టు ఎగిరింది. ఇంజన్ ఆపిన మరుక్షణం యజమాని కొనుగోలుదార్లతో పాటు ఆయన్నీ తన గదికి తీసుకుపోయి దులిపేశాడు. కాసేపటికి చీఫ్ ఇంజనీరు అక్కడికే వచ్చి, బలం కొలిచే సెన్సరు ప్లగ్గు ఊడి వేలాడుతోందని, ఈ మేస్త్రే కావాలని పీకాడని అందరి ముందూ అన్నాడు.

"సాయంత్రం పోలీసులకి అప్పగిస్తారటండి. ద్రోహి అన్న పేరు పడ్డాక నాకింకే ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుంది?"

"పరీక్షకి ముందు యంత్రం సరిగ్గానే ఉందా?"

"ఇంజన్ తిప్పకముందు బరువు వేలాడదీసి చూశానండి. ఎంత వేస్తే అంతే చూపించింది. కాకపోతే నేను రెండ్రోజులు సెలవు పెట్టి వచ్చేసరికి వైర్లన్నీ కలిపి ఒకే కట్ట కట్టేశారు. ఇదేంటండీ అంటే, నీకేం తెలుసు, ముట్టుకోకు అన్నారు చీఫ్‌గారు."

"తెలిసినవాణ్ణి నోరు మూసుకోమనడానికే కొందరికి జీతాలిస్తారు. పద, అమ్మాయ్."

ఫ్యాక్టరీలో డైనో గది బయట చీఫ్ ఇంజనీరు మల్లెపువ్వులాంటి చొక్కాలో ఎదురొచ్చాడు. గడియారం కుడిచేతికుంది. ఎడమ మణికట్టు మీద పట్టీ వెడల్పున చర్మం తెల్లగా ఉండటం మేనకోడలు గమనించి రాసుకుంది.

"ఆ వైర్లు చూశారా, ఎంత ముచ్చటగా ఉన్నాయో! నేనే దగ్గరుండి కట్టించాను" అన్నాడతను.

"ప్లగ్గు ఊడిందని ఎలా తెలిసింది?"

"ఈ కిటికీ అద్దంలోంచి చూశాను. డైనో గదిలోకి నేను అడుగు పెట్టను. చొక్కా మాసిపోతుంది."

మేనకోడలు అద్దం దగ్గర నిలబడి ఎంత మెడ సాచినా ప్లగ్గు కనిపించలేదు. అది పొగగొట్టం వెనకాల ఉంది.

"మావయ్యా, ఇక్కణ్ణించి గొట్టం తప్ప ఏమీ కనబడదు."

"కొందరి చూపు గొట్టాల్లోంచి కూడా దూరుతుందమ్మా. అందర్నీ పిలు."

యజమాని, చీఫ్, మేస్త్రి, ఇద్దరు మెకానిక్కులు తెర ముందు చేరారు. చురకాయన మేస్త్రి చేత ప్లగ్గు పెట్టించి ఇంజన్ తిప్పించాడు. గీత మళ్లీ ఎగిరింది. ఇంజన్ ఆపి, గొట్టం చల్లారాక ప్లగ్గు పీకించి మళ్లీ తిప్పించాడు. గీత అడుక్కి పడి కదలకుండా ఉండిపోయింది.

"ప్లగ్గు ఊడితే గీత చచ్చినట్టు పడుంటుంది. నిన్నటి గీత ఎగిరింది. అంటే పరీక్షప్పుడు ప్లగ్గు ఊడలేదు. ఇంజన్ ఆగాక ఎవరో పీకారు. అప్పుడు మేస్త్రి ఎక్కడున్నాడు?"

"నా గదిలో" అన్నాడు యజమాని.

"మరి గీత ఎగరడమెందుకంటారా? మేస్త్రీ, గొట్టం చల్లారాక ప్లగ్గు మళ్లీ పెట్టి, ఆ ముచ్చటైన కట్ట కత్తిరించి, సెన్సరు వైరుని దూరంగా జరపండి."

ఇంజన్ మళ్లీ తిరిగింది. ఈసారి గీత నిలకడగా సాగింది.

"ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే వైరుని సెన్సరు వైరుకి అంటగట్టారు. ఇంజన్ ఆగినప్పుడు రవ్వ ఉండదు, కొలత సరిగ్గా వస్తుంది. తిరిగితే ఆ వైరు గోల దీన్లోకి దూరుతుంది. తన ముచ్చటే కొంప ముంచిందని చీఫ్‌గారికి నిన్ననే వెలిగింది. ఎవరూ లేని ఆ పావుగంటలో లోపలికెళ్లి ప్లగ్గు పీకి, నేరం ఈయన నెత్తిన రుద్దాడు. డైనో మీద పనిచేసేవాళ్లు గొట్టం చల్లారేదాకా దాని వెనక చెయ్యి పెట్టరు. చీఫ్‌గారికా సంగతి తెలీదు. బాబూ, ఆ కుడిచేతి గడియారం తియ్యి."

చీఫ్ తియ్యలేదు. యజమాని తనే పట్టీ లాగాడు. కింద బొబ్బ ఎర్రగా పొంగి ఉంది.

"ఉద్యోగం పోతుందని భయమేసిందండీ" అన్నాడు చీఫ్, తల దించుకుని.

"అందుకని ఇంకొకడి బతుకు తీస్తావా? ఛీ! చొక్కాకి మరకంటుతుందని బెంగపడే మనిషివి, ఎంత మురికిలో దిగావో చూసుకున్నావా?"

యజమాని చీఫ్‌ను అక్కడికక్కడే బయటికి పొమ్మన్నాడు. మేస్త్రి భుజం తట్టి, "అయిందేదో అయింది, రేపు పనిలోకి రా" అన్నాడు, దానం చేస్తున్నవాడిలా.

"కొనుగోలుదార్లకి ఫోన్ చెయ్యండి" అన్నాడు చురకాయన.

యజమాని ఫోన్ కలిపాడు. "అబ్బే, చిన్న పొరపాటండీ, సర్దుకుంది..." అంటుండగా మేస్త్రి చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన యజమాని చేతిలోంచి ఏదీ అలా తీసుకుని ఎరగడు.

"నేనండీ, మీటర్ల మేస్త్రిని. పొరపాటు కాదండి. ఆ పని నేను చెయ్యలేదు. మీ ముందు అన్నారు గనక మీకు చెప్తున్నాను. నేను చెయ్యలేదు."

అక్కడితో ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ఏడ్చేశాడు. దాన్ని తిరిగిమ్మని అడిగే ధైర్యం యజమానికి లేకపోయింది.