ముద్ర లేని కోత

శుక్రవారం కత్తిపోట్లతో పడిపోయిన కొరియర్, ప్రాణం పోయేముందు మిష్ చెవిలో చెప్పిన కోడ్ ఒక్కటే: "బురుజు... నలభై ఏడు."

ఐషెన్‌డోర్ఫ్ అనే ఊళ్లో పుట్టిన ఏజెంట్ మిష్‌కి అది చాలు. అక్కడ చర్చి చుట్టూ ఉన్న కోటగోడ మూల బురుజులో ఊరందరి పొగబెట్టిన పందిమాంసం వేలాడుతుంది. నలభై ఏడో కొక్కెం సారా పెద్దమ్మది. కొరియర్ దాచిన మైక్రోఫిల్మ్ ఆ మాంసంలో ఉంది. అందులో సరిహద్దు అవతల పనిచేసే ముప్పై ఒక్కమంది మనవాళ్ల పేర్లు. వాళ్లలో అతని తమ్ముడు హాన్స్ ఒకడు.

బురుజు తెరిచేది ఆదివారం ఆరాధనకి ముందు మాత్రమే. ఆర్కిటెక్ట్ వేషంలో గోడలు కొలుస్తున్న తన పార్టనర్ లీవియాకి మిష్ ఆ కోడ్ చెప్పాడు. బుద్ధి గడ్డి తిని చెప్పాడు.

ఆదివారం అతను మెట్లెక్కేసరికి ఆమె మాంసం కోసేసింది. పట్టు తొడుగు వేసిన చేతిలో ఫిల్మ్, రెండో చేతిలో పిస్టల్.

"నువ్వు కూడానా?"

"మొదట్నుంచీ అవతలివాళ్ల మనిషినే, మిష్. గొడవ చెయ్యకు."

పిస్టల్ గురిపెట్టే ఆమె తలుపు దాటింది. బయట గడియ పడింది.

మిష్ తలుపుని భుజంతో గుద్దాడు. కదల్లేదు. గోడలో బాణాలు వేసే సందులోంచి చూశాడు. ఆరాధనకి వస్తున్న జనం మధ్య లీవియా తాపీగా నడిచిపోతోంది. గేటు బయట కారు ఇంజన్ ఆన్‌లో ఉంది. గూఢచారి అని అరిస్తే సర్కారీ కార్డు చూపించి వెళ్లిపోతుంది. హాన్స్ చచ్చినట్టే. మిష్‌కి ఏడుపొచ్చింది.

అప్పుడు కంటపడింది నలభై ఏడో కొక్కెం. తాజా కోత. పక్కనే దారానికి వేలాడుతున్న ఇంటి ముద్ర. ఊరి కట్టుబాటు ప్రకారం కోసిన ప్రతిసారీ కోత మీద ముద్ర కొట్టి తీరాలి. కొట్టకపోతే దొంగతనం. లీవియా కొట్టలేదు.

"సారా పెద్దమ్మా! నీ మాంసం దొంగతనంగా కోశారు! కోతకి ముద్ర లేదు!"

జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"నాదా? ఎవర్రా అది?"

"ఆ పట్టు తొడుగులది! గేటు వేసెయ్యండి!"

కాపలా ముసలాయన గేటుని పైన పట్టి ఉంచిన మేకు పీకాడు. ఒకప్పుడు దండయాత్రలని ఆపిన ఇనుప కమ్ముల తలుపు లీవియా ముక్కుకి బెత్తెడు దూరంలో దబ్బున పడింది. ఆమె పిస్టల్ ఎత్తింది. సారా పెద్దమ్మ కీర్తనల పుస్తకంతో ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

మిష్ తలుపు తీయించుకుని పరుగెత్తుకొచ్చి, తొడుగులోంచి ఫిల్మ్ లాగాడు. హాన్స్ బతికాడు.

"నా ముక్కేదిరా?"

"ఫిల్మ్ తీసుకుని పారేసింది, పెద్దమ్మా. ఇది గూఢచారి."

"గూఢచారైతే పోనీలే, ఏదో పొట్టకూటి కోసం అనుకుందాం," అంది సారా పెద్దమ్మ. "బంగారంలాంటి ముక్క పారేస్తుందట్రా?"