ఇంకా గుడ్డ ఉందిలే

మా టైలరింగు కొట్లో మిషన్లు రెండు. గుమ్మం పక్కది నాది, గోడవైపుది అక్కది. అక్క పోయాక దానిమీద దుప్పటి కప్పేశాను. అమ్మేద్దామని మా ఆయన గొడవ. "మీకేం అడ్డొచ్చిందండీ, మూల పడుంటుంది," అంటాను.

నా పొట్టలో నీటితిత్తి ఉందని తెలిసేసరికే అది కొబ్బరిబోండమంత అయిపోయింది. అండాశయం మీద పుట్టిందట. మెలి పడితే ప్రాణం మీదకొస్తుంది, తీసేయాల్సిందే అంది డాక్టరమ్మ. తారీఖు ఇచ్చారు, వాయిదా వేశారు, మళ్ళీ ఇచ్చారు. ఈలోగా నా అవస్థ చూడాలి! వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంది. మిషను ముందు కూర్చుంటే పొట్ట బల్లకి కొట్టుకుంటుంది. పైగా కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ "ఎన్నో నెలమ్మా?" అనేవాళ్ళే. మొదట్లో లోపలికెళ్ళి ఏడ్చేదాన్ని. తర్వాత్తర్వాత "ఏనుగుని కంటున్నా పిన్నిగారూ, ఇంకా టైముంది," అనడం నేర్చుకున్నా.

అక్కకీ ఇదే జబ్బు. కానీ దానికి కత్తంటే చచ్చేంత భయం. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల కాస్త గుడ్డ మడిచి వదులుతాం, మనిషి ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. అక్క తన జాకెట్లన్నీ అలాగే వదులు చేసుకుంటూ పోయింది. ఆస్పత్రికి పదవే అంటే "ఇంకా గుడ్డ ఉందిలే," అని నవ్వేసేది. ఆ గుడ్డ అయిపోకముందే అక్కే పోయింది.

కిందటి వారం, ఊపిరాడనంత బిగుతైపోతే రాత్రి విప్పి అక్క మిషను మీద పడేసిన నా జాకెట్టు తెల్లారేసరికి వదులుగా ఉంది.

"ఏవండీ, తగ్గినట్టుంది. ఇంకొన్నాళ్ళు ఆగి చూద్దామా?" అన్నాను.

"నీ మొహం! అద్దంలో పొట్ట చూసుకున్నావా?" అన్నాడాయన.

అప్పుడు జాకెట్టు తిరగేసి చూశాను. పక్క కుట్టు విప్పి మళ్ళీ చేత్తో కుట్టి ఉంది. నా చెయ్యి కాదది. అక్కది ఎడమచేతి వాటం, కుట్లన్నీ ఎడమవైపు వాలి ఉంటాయి. పైగా పక్కనే కత్తెర ఉన్నా దారం పంటితోనే కొరికేది. అన్నీ అలాగే ఉన్నాయి.

భయపడాలి కదా? నాకు ఏడుపొచ్చింది, ఆ వెనకే సంతోషమూ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. బిగుతైన జాకెట్టల్లా విప్పి అక్క మిషను మీద పెట్టడం, తెల్లారి వదులైంది తొడుక్కోవడం. నిజం చెప్పొద్దూ, ఆపరేషను ఎగ్గొడదామనే అనుకున్నాను.

నిన్న సాయంత్రం, తెల్లారితే ఆపరేషననగా, కొట్టు కట్టేస్తుంటే కరెంటు పోయింది. వీధి కూడా ఒక్కసారిగా సద్దుమణిగింది. మిషను నూనె వాసన... నేను నూనె వేసి చాలా రోజులైంది. దుప్పటి కింద తొక్కుడు బల్ల కదిలింది. టక్... టక్... టక్...

"ఎందుకే రేపు?" చెవి పక్కనే గుసగుస. "కోస్తారే... నొప్పే..."

"అక్కా..."

"ఇంకా గుడ్డ ఉందిలే..."

అప్పుడు తెలిసింది నాకు. అది నన్ను సాగనంపడానికి రాలేదు. ఆపడానికొచ్చింది. ప్రేమకొద్దీనే, అక్క కదా.

"వద్దక్కా. వదులు చేసుకుంటూ చేసుకుంటూనే నువ్వు పోయావు. నాకు బతకాలనుందే..."

టక్ టక్ ఆగిపోయింది. ఎవరో చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చినట్టు వినిపించింది. కరెంటొచ్చాక చూస్తే కప్పిన దుప్పటి కప్పినట్టే ఉంది. దానిమీద పొద్దున నేను పెట్టిన జాకెట్టు, ముట్టుకోకుండా.

పోనీలే, మాట విందనుకున్నాను.

ఇవాళ పొద్దున్నే ఆస్పత్రిలో నర్సు సీలు తీయని ప్యాకెట్టు చించి ఆకుపచ్చ గౌను ఇచ్చింది. తొడుక్కుని చక్రాల బండి మీద పడుకున్నాను. మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపరేషను గది తలుపుదాకా వచ్చాడు.

"భయపడకే, సాయంత్రానికి నీ ఏనుగు పోతుంది," అన్నాడు. ఆయన కళ్ళలోనే నీళ్ళు.

"గౌను మరీ వదులుగా ఉంది సిస్టర్," అన్నాను.

"అందరికీ ఒకటే సైజమ్మా. ఫ్యాక్టరీవి."

బండి కదిలింది. తలుపులు మా వెనక మూసుకున్నాయి. ఊరికే, అలవాటుకొద్దీ, గౌను పక్క కుట్టు తడిమాను. మిషను కుట్టు కాదు. చేతికుట్టు. ఎడమవైపు వాలి ఉంది. లోపల వదిలిన గుడ్డ కోసం వేలు పెట్టి వెతికాను... ఏమీ మిగల్లేదు. చివరిదాకా విప్పేసి ఉంది.

పంటితో కొరికిన దారం కొస వేలికి తగిలింది. ఇంకా తడిగా ఉంది.