రానోళ్ల జాగ

2086 నాటికి జాతరకు వెళ్లడమంటే ముఖం కడుక్కుని పక్క గదిలోకి వెళ్లడమే. లుంగీ కూడా మార్చుకోనక్కర్లేదు. శనివారం ఏదో చిన్న ఊళ్లో జరిగిన ఉత్సవం, ఆదివారం తెల్లారేసరికల్లా హైదరాబాదులోని చూపుగదుల్లో సిద్ధంగా ఉంటుంది. చేతిలో కాఫీ కప్పుతోనే ఊరేగింపు నడిమధ్యన నిలబడవచ్చు. నచ్చిన చోట ఆగి, నచ్చిన క్షణాన్ని వెనక్కి తిప్పి వేలు ఆడిస్తే చాలు, ఫోటో తయారు. ఎండ లేదు, దుమ్ము లేదు, ఎవరి మోచేయీ తగలదు. గడప దాటని ఈ ప్రయాణాన్ని జనం ఇప్పటికీ దర్జాగా 'వీకెండ్ ఔటింగ్' అనే అంటున్నారు.

ఈ వైభోగమంతా హంసిని చలవే. 'చూపరి' అనే ఆ యంత్రాన్ని తయారుచేసిన శాస్త్రవేత్తల్లో మొదటి పేరు ఆమెది. సూత్రం చెప్పుకుంటే తేలికే. మామూలు కెమెరా ఒక్క చోట నిలబడి, అక్కడికొచ్చిన వెలుగునే పట్టుకుంటుంది. చూపరికి ఆ ఇబ్బంది లేదు. జాతర ముందురోజు ఊళ్లోని కరెంటు స్తంభాలకూ చూరులకూ తోరణాలకూ మినపగింజంత కంటిగింజలను వేలకొద్దీ అంటిస్తారు. తనమీద పడిన ప్రతి కిరణమూ ఏ దిక్కునుంచి వచ్చిందో ఒక్కో గింజా గుర్తుపెట్టుకుంటుంది. అవన్నీ కలిపితే ఆ ఊరి ఆ రోజు కాంతిక్షేత్రం, అంటే లైట్ ఫీల్డ్, మొత్తంగా చేతికొస్తుంది. అప్పుడు ఎవరూ నిలబడని చోట కూడా ఒక కన్ను పెట్టి, అక్కడినుంచి ఏం కనబడేదో చూడవచ్చు. గింజలకు చెవులు మాత్రం లేవు. చూపుగదిలో జాతర మూగగానే సాగుతుంది.

చూపరికి హంసిని రాసిన మొదటి నియమం ఒక్కటే: చూసేవాడు కనబడకూడదు. అదేమీ పుస్తకాల్లో దొరికింది కాదు. ఇరవై మూడేళ్ల కిందట, శనివారమొస్తే కెమెరా సంచి భుజాన వేసుకుని బస్సెక్కే రోజుల్లో, ఆమె మొగిలిగుట్ట అనే చిన్న ఊరికి బీరప్ప జాతర చూడ్డానికి వెళ్లింది. బజారు మలుపులో ఒగ్గు డోళ్లవాళ్లు ఆడుతున్నారు. సత్తయ్య అనే కళాకారుడు మెడలో డోలుతోనే గాల్లోకి ఎగిరాడు. ఫోటో మసకగా వచ్చింది. "ఇంకొక్కసారి ఎగరండి, ప్లీజ్" అంది హంసిని. పాపం, ఎగిరాడు. దిగేటప్పుడు మోకాలు విరిగింది. జనం ఆయన్ని మోసుకెళ్తుంటే కాళ్లూ చేతులూ ఆడక, "ఫోటో పంపిస్తాను" అని ఒక పిచ్చి మాట అనేసి ఆమె బస్సెక్కేసింది. మళ్లీ ఆ ఊరి ముఖం చూడలేదు. ఆ రోజు తీసిన ఫోటోలనూ తెరిచి చూడలేదు. చూసేవాడి వల్ల ఎవరికీ దెబ్బ తగలని కెమెరా కోసం పద్నాలుగేళ్లు తిండీ నిద్రా మాని పనిచేసింది.

తీరా ఇప్పుడు చూపరిలో తప్పు దొరికిందీ ఆ ఊళ్లోనే.

"మూడేళ్లుగా ఇదే వరస" అన్నాడు ముజీబ్, శుక్రవారం పొద్దున ప్రయోగశాలలో. ఆయన చూపరిని నడిపే సంస్థకు పెద్ద. బయటి ఎండ తగిలి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. "చూడు హంసినీ. ఇసకేస్తే రాలనంత జనం. వాళ్ల మధ్యలో నాలుగడుగుల ఖాళీ, గుండ్రంగా, గీత గీసినట్టు."

నిజమే. బజారు మలుపులో, ఊరేగింపు బాగా కనబడే చోటే ఆ ఖాళీ. ఒక్కరి కాలూ అందులో పడదు. దానికి ఎదురుగా ఒక ముసలావిడ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఊరేగింపు వైపు కాదు, సూటిగా ఆ ఖాళీలోకే చూస్తోంది. చూపుగదిలో అక్కడ నిలబడితే ఆమె కళ్లు నేరుగా మన కళ్లలోకే దిగుతాయి.

నిరుడు నలభై వేలమంది అక్కడ నిలబడి ఫోటోలు తీసుకున్నారు. అంత జనంలో అంత మంచి చోటు ఎందుకు ఖాళీగా ఉందని ఒక్కరూ అడగలేదు. తమ కోసం లోకం ఆమాత్రం ఖాళీగా ఉండటం వాళ్లకు సహజంగానే తోచింది. ఫిర్యాదులు మాత్రం వచ్చాయి: 'ఒకావిడ అస్తమానం నావైపే చూస్తోంది. ఫోటో సహజంగా రావడం లేదు.'

"చూపరీ, ఆ ఖాళీ గురించి నీకేం తెలుసు?" అని అడిగింది హంసిని.

"గింజలన్నీ సరిగానే పనిచేస్తున్నాయి" అంది యంత్రం, ఎప్పటిలాగే మర్యాదగా. "ఆ వృద్ధురాలు నలభై నిమిషాల్లో ముప్పై ఒక్కసారి చెంబును శూన్యంలోకి చాచింది. కారణం తెలియదు. దోషపరిశీలన కోసం చుట్టూ ఉన్నవాళ్ల పెదవుల కదలికలు చదివాను. 'జరుగు' అనే క్రియ రెండు వందల పద్నాలుగు సార్లు కనిపించింది. ఆ చోట ఏదో జరగాలని వారు గట్టిగా కోరుకుంటున్నారు. మూడేళ్లుగా ఏమీ జరగలేదు."

"ఏం జరగాలట?"

"అది వారు చెప్పలేదు."

ముజీబ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సోమవారం కమిటీ ఉంది. ఈ తప్పుకి కారణం తేలకపోతే పూరణ పెట్టేస్తాం." పూరణ అంటే, రికార్డులో లోపమున్న చోట యంత్రమే బొమ్మ నింపడం. ఆ ఖాళీలో నలుగురు మనుషులను పుట్టించి నిలబెడుతుంది. ముసలావిడ చేతిలోని చెంబును చెరిపేసి, ఆమె కళ్లను ఊరేగింపు వైపు తిప్పేస్తుంది. ఒకసారి నింపాక అసలుది ఇక దొరకదు.

ఆవిడ కళ్లు తిప్పేస్తారన్న మాట హంసినికి గుచ్చుకుంది. "జాతర రేపే కదా సార్. నేను వెళ్లి చూసొస్తాను."

"వెళ్లి చూడటమా?" ముజీబ్ నవ్వాడు. "వెళ్లక్కర్లేకుండా చేసింది నువ్వేనమ్మా!"

ఆ సాయంత్రం ఆమె పాత మెమరీ కార్డు బయటికి తీసింది. చదివే పరికరం కోసం పాత సామాన్ల దుకాణాలు రెండు తిరగాల్సి వచ్చింది. మొదటి ఫోటో మసక. రెండోది తెరిచింది. సత్తయ్య నేలకు నాలుగడుగుల ఎత్తున ఉన్నాడు. గజ్జెలు ఎగిరి విడివిడిగా కనబడుతున్నాయి. బండారు పసుపు ఒళ్లంతా పులుముకుని, నోరారా నవ్వుతున్నాడు. దాన్ని అచ్చు వేయించి సంచిలో పెట్టుకుంది. ఇచ్చే ధైర్యం ఉందో లేదో ఆమెకే తెలియదు.

శనివారం పదకొండు దాటాక బస్సు దిగిందో లేదో, డోళ్ల చప్పుడు ఎదురొచ్చి గుండెల్లో మోగింది. చూపుగదిలో ఇన్నేళ్లు చూసిన జాతరల్లో ఇది లేదు. గొంగళ్ల వాసన, చెమట, పసుపు, ఎవరిదో మోచేయి, కాలు తొక్కినందుకు ఎవరో ఇంకెవరినో తిట్టడం. మొహం ఎత్తుకుని నడవాలంటే భయంగానే ఉంది. ఒగ్గు డోళ్ల గుంపు ఎదురైనప్పుడల్లా కుంటుతున్న మనిషి కోసం వెతికింది.

బజారు మలుపు చేరేసరికి జనం మరీ చిక్కబడ్డారు. వాళ్ల మధ్య అదిగో, ఆ ఖాళీ. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు చేతులు బార్లా చాపి, వెనకనుంచి తోసుకొచ్చే వాళ్లను ఆపుతూ అరుస్తున్నారు.

"జర జరుగుండ్రి! గా జాగల నిలవడకుండ్రి! జరుగవయ్యా, నీ కడుపు సల్లగుండ!"

హంసినికి ఫక్కున నవ్వొచ్చింది. రెండు వందల పద్నాలుగు సార్లు! కోట్ల పుస్తకాలు చదివిన యంత్రం, తన యంత్రం, 'పక్కకు జరగండి' అన్న మాటకు ఏదో మహత్కార్యం జరగబోతోందని అర్థం చెప్పుకుంది. నవ్వు ఆగాక కళ్లు చెమర్చాయి. ఎవరికోసం ఈ చోటు? ఫోటోలు తీసేవాళ్లు ఒకప్పుడు నిలబడే మలుపు ఇది. అంటే తనలాంటి వాళ్ల కోసమే. ఆమె ఆడవాళ్ల చేతుల కిందినుంచి దూరి, ఆ ఖాళీలోకి అడుగుపెట్టింది. ఎదురుగా ముసలావిడ కళ్లు, ఈసారి నిజంగా, ఆమె కళ్లలోకి చూశాయి.

"ఎవలు బిడ్డా నువ్వు? బయటికి రా. గా జాగ నీది కాదు."

"ఫోటోలు తీసేవాళ్ల కోసం కాదా అవ్వా ఇది?"

"రానోళ్ల జాగ బిడ్డా" అంది ముసలావిడ. ఆవిడ పేరు ఐలవ్వ అని పక్కనున్న వాళ్లు పిలిస్తే తెలిసింది. "మూడేండ్ల కింద గీ గింజలు కట్టేటాయన చెప్పిండు. అవ్వా, రేపు ఏలమంది వచ్చి, కంటికి కనవడకుంట గీ మూలకే నిలవడి చూస్తరు అని. గంతమంది వస్తుంటే ఇంత జాగియ్యకపోతే ఎట్ల? అంత దూరం నుంచి చూసెటోళ్లకు దూప గాదా, నోరెండదా?" చెంబులో చల్ల తొణికింది. "తాగుతరో తాగరో నాకేమెరుక. ఇయ్యాల్సింది మనం ఇయ్యాలె."

చూపరి వచ్చిన ఈ తొమ్మిదేళ్లుగా హంసిని తను ఎవరికీ కనబడకుండా దాక్కున్నాననుకుంది. వీళ్లేమో కనబడని మనిషిని కూడా చుట్టంలాగే చూసుకున్నారు.

"నేను చూడ్డానికే వచ్చానవ్వా" అంది.

"వచ్చినవ్ కద! ఇగ నీకు గీ జాగెందుకు? వచ్చినోళ్లు ఇటు దిక్కు, మా తోటి." ఐలవ్వ ఆమె చెయ్యి పట్టుకుని బరబరా లాగింది. "జర జరుగు."

హంసిని జరిగింది. ఖాళీ మళ్లీ ఖాళీ అయింది. ఐలవ్వ ముందు చెంబును ఆ ఖాళీ వైపు చాచి, ఒక్క క్షణం ఆగి, తర్వాత హంసిని చేతికిచ్చింది. ఉప్పు వేసిన చల్ల. గటగటా తాగేసింది.

ఐలవ్వ వెనక కుర్చీలో ఒక ముసలాయన ఒళ్లో డోలు పెట్టుకుని, ఒక కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆ కాలు చూడగానే హంసినికి తెలిసిపోయింది. పారిపోవాలనిపించింది కానీ ఈసారి వెనక దారి లేదు, అంతా జనమే. ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"సత్తయ్యగారూ, ఇరవై మూడేళ్ల కింద మిమ్మల్ని ఇంకొక్కసారి ఎగరమన్నది నేనే. నా వల్లే మీ మోకాలు…"

సత్తయ్య కళ్లు చికిలించి చూశాడు.

"ఫోటో ఏదీ?" అన్నాడు.

"ఏంటండీ?"

"పంపుతనని చెప్పి పోయినవ్ కద. కాలుదేమున్నది, గప్పట్ల నేనే మస్తు హుషారుమీద ఎగిరిన. నువ్వనకున్నా ఎగురుదును. ఫోటో మాత్రం ఇగొస్తది, అగొస్తది అనుకుంట ఎన్నేండ్లు చూసిననో నీకెరుకనా?"

హంసిని సంచిలోంచి ఫోటో తీసి ఇచ్చింది. సత్తయ్య దాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు.

"గింత ఎత్తు ఎగిరిన్నా!"

"నువ్వు చెప్తే నేను నమ్మితినా?" అంది ఐలవ్వ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "ఉత్తగ కోతలు కోస్తున్నవని తిడితి."

ఫోటో పదిమంది చేతులు మారి తిరిగొచ్చింది. అప్పుడు సత్తయ్య కర్ర పట్టుకుని లేచాడు. రెండడుగులు ముందుకేసి, ఫోటోను రెండు చేతులతో పైకెత్తి ఆ ఖాళీ వైపు తిప్పి పట్టుకున్నాడు. రానివాళ్లకూ చూపించాలి కదా మరి.

సోమవారం కమిటీ కూర్చోకముందే ముజీబ్ ఆమె నివేదిక తెరిచాడు. దోషం ఏమిటి అన్న చోట 'మర్యాద' అని ఒక్క మాట రాసి ఉంది. ఆయనకు అర్థం కాలేదు. హంసిని ఆయన్ని చూపుగదిలోకి తీసుకెళ్లి, మొన్నటి మొగిలిగుట్ట తెరిచి, ఆ ఖాళీలో నిలబెట్టింది. సంగతంతా చెప్పింది.

చప్పుడు లేని జాతరలో ఐలవ్వ ముజీబ్ కళ్లలోకి చూసి చెంబు చాచింది. ఆయన చెయ్యి ఆయనకు తెలియకుండానే ముందుకెళ్లింది. గాలి తప్ప ఏమీ అందలేదు. ఆ పక్కనే ఒక ముసలాయన ఫోటో ఎత్తి ఆయనకే చూపిస్తున్నాడు. ముజీబ్ ఆ చెయ్యి కిందికి దించలేకపోయాడు.

"పూరణ వద్దు" అన్నాడు చివరికి. "ఈ రికార్డు తెరిచే ప్రతివాళ్లకూ నువ్వు చెప్పిందంతా ముందుగా చెప్పాలి. ఈ చోటు తమ కోసం ఎవరు అట్టేపెట్టారో తెలియకుండా ఇక ఒక్కరూ ఇక్కడ నిలబడకూడదు." గడప దాకా వెళ్లి ఆగాడు. "వచ్చే శనివారం ఎక్కడైనా జాతరుందా?"

"ఉంది సార్. బస్సు ఎనిమిదింటికి."

"ఎండగా ఉంటుందేమో."

"ఉంటుంది."

"సరే, టోపీ తెచ్చుకుంటాను" అని ఆయన వెళ్లిపోయాడు.

హంసిని గది మూసేయబోతుంటే చూపరి పిలిచింది.

"ఒక సందేహం. పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు ఒక స్త్రీ ఆ ఖాళీలోకి ప్రవేశించి, కాసేపటికి బయటికి వెళ్లింది. ఆ తర్వాత అక్కడున్న చాలామంది ముఖాల్లో సంతోషం నమోదైంది. మూడేళ్లుగా జరగనిది ఆ రోజు జరిగిందని అనుకుంటున్నాను. ఏం జరిగింది?"

"అందరూ కాస్త జరిగారు" అంది హంసిని. "చివరికి నేను కూడా."