పంపకం వడ్డాణం

శశిపురంలో నిండు బిందె ఎత్తడానికి రెండు వేళ్లు చాలు. చంద్రుడి మీద దేని బరువైనా భూమి మీది బరువులో ఆరో వంతే. అక్కడి గనుల్లో పనికి వచ్చిన కుటుంబాలు మొదటి నెలంతా ఆ తేలికదనానికి సంబరపడతాయి. ఆ తర్వాత ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. బరువు మోయని ఎముకను శరీరం అక్కర్లేని సామానుగా భావించి కరిగించుకుంటుంది.

అందుకే ఊరి నడుమ సెంట్రిఫ్యూజ్ ఒకటి కట్టారు. దాన్ని తిరుగుడు గది అంటారు. అందులో గంటసేపు నడిస్తే భూమి మీద నడిచినట్టే. మగవాళ్లు షిఫ్టు దిగి నేరుగా అక్కడికి పోతారు. ఆడవాళ్లు కూడా అవే షిఫ్టులు చేసి, ‘ఇంట్లో పని చూసుకుని వస్తాం’ అంటారు. రారు. తమ వంతును భర్తకో మరిదికో రాసిచ్చేస్తారు.

ఎముకల డాక్టరు మందాకిని నాలుగేళ్లు ఇది చూసింది. గని క్యాంటీన్లో వండే పైడితల్లి అస్థిసాంద్రత అరవై ఒకటికి పడిపోయింది. డెబ్బై అయిదు ఉంటే తప్ప భూమికి పంపరు. పంపితే అక్కడి బరువుకు తుంటి విరుగుతుంది. ఆమె కుటుంబం తిరిగి వెళ్లాల్సిన నౌకకు ఇంకో ఏడాదే గడువు.

మందాకిని ఒక విద్యుదయస్కాంత వడ్డాణం తయారు చేసింది. అది నడుమును ఇళ్లలో, వసారాల్లో పరిచిన ఇనుప నేల వైపు లాగుతుంది. తిరుగుడు గదికి పోనక్కర్లేదు. సరుకులకు వెళ్తున్నా, మెట్లెక్కుతున్నా, పొయ్యి దగ్గర నిలబడ్డా తుంటి ఎముక భూమి బరువునే మోస్తుంది. అలాంటివి పదకొండు చేసి పంచితే, ఆడవాళ్లు మర్యాదగా తీసుకెళ్లి అల్మారాల్లో పెట్టుకున్నారు.

“నాకెందుకమ్మా ఇది? మా ఆయన ముణుకులు నొప్పెడతన్నాయి. ఆయనకి కట్టండి,” అంది పైడితల్లి.

ఆ మాట మందాకినిని చాలా రోజులు వదల్లేదు. చివరికి పరికరానికి ఒక్క మార్పు చేసింది. భర్తల మణికట్టుకు ఆకుపచ్చ దీపమున్న పట్టీ ఒకటి ఇచ్చి, భార్య నడిచిన బలంలో సగం భర్త మోకాళ్లలోకి, ఎముకల్లోకి ప్రసారమవుతుందని చెప్పింది. నిజానికి ఆ పట్టీలో దీపం తప్ప ఏమీ లేదు. మర్నాడు పొద్దున్నే పదకొండుమంది ఆడవాళ్లు వడ్డాణాలు కట్టుకుని వసారాలో నడుస్తున్నారు.

ఆరు నెలలు గడిచాయి. ఆసుపత్రి లెక్కలో ఇది ఆరు నెలల పరీక్ష; అది ముగిసిన రోజున భార్యాభర్తలిద్దరికీ నిజం చెప్పాలని నియమం. పైడితల్లి అంకె డెబ్బై ఒకటి దగ్గర ఉంది.

“నిజం చెబితే ఎంతమంది మానేస్తారు?” అని అంచనాలు కట్టే ఆసుపత్రి యంత్రాన్ని అడిగింది మందాకిని.

“తొమ్మిదిమంది. ముందు మానేది పైడితల్లి,” అంది యంత్రం.

పైడితల్లి వచ్చి కూర్చుంది. మందాకిని ఆమె ముఖం చూడలేక బల్ల వైపు చూస్తూ పట్టీ సంగతి చెప్పేసింది.

“తెలుసమ్మా,” అంది పైడితల్లి.

“తెలుసా? ఎప్పటినుంచి?”

“రెండో వారం నుంచీ. ఓ రోజు నడవనేదు. కిటికీ కాడ కూకుని భూమిని సూసేను. సాయంత్రం ఈయనొచ్చి, ‘ఒలే, ఈవేళ బాగా నడిసినావు, ముణుకులు దూదిలాగున్నాయి’ అన్నాడు.” ఆమె నవ్వు దాచుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “మా ఆడోళ్లందరికీ తెలుసు.”

“మరి ఎందుకు నడుస్తున్నారు?”

“ఈ పట్టీ రాకముందు, నా కోసం నడుత్తన్నానని ఓపాలి సెప్పి సూసేనమ్మా. వసారా సివరికెల్లేలోపల మూడుసార్లు కేకేసినాడు, ఉప్పెక్కడ, తువ్వాలెక్కడ అని. ఇప్పుడైతే గంట దాకా ఎవరూ పిలవరు. ఆయన కోసమే గదా నడుత్తంట!”

ఆడవాళ్ల ప్రేమను మోసగించానని మందాకిని ఆరు నెలలుగా లోలోపల కుమిలిపోయింది. నడవాలన్న కోరిక వాళ్లకు మొదటినుంచీ ఉంది. లేనిది సాకు. ఆమె కనిపెట్టింది దాన్నే.

“ఆయనకి సెప్పకండి. ఇంకా నాలుగు అంకెలు గావాల,” అంది పైడితల్లి మెల్లగా.

తలుపు తోసుకుని ఆమె భర్త అప్పలస్వామి లోపలికొచ్చాడు. “ఏటి డాక్టరమ్మా, పరీక్ష అయిపోనాదా?”

చెప్పాల్సిన వాక్యం కాగితం మీద సిద్ధంగా ఉంది. మందాకిని దాని మీద చెయ్యి పెట్టింది.

“ఇంకో మూడు నెలలు పొడిగిస్తున్నానండీ. రోజుకో గంట నడవాలి.”

“గంటేటి, రెండు గంటలు రాయండి. నాకిప్పుడు బుజం కూడా లాగుతోంది.”

“రెండు గంటలు నడిత్తే, వంటెవలు సేత్తారు?” అంది పైడితల్లి, తల వంచుకునే.

“నాను సూసుకుంతాను గానీ, నువ్వు నడు!” అని కసిరాడు అప్పలస్వామి.

మందాకిని రెండు గంటలని రాసి సంతకం పెట్టింది.