ఏడు రివెట్లు

"నన్నెవరో చంపబోయారు," అంది ఆర్డిత్ వాస్, కాఫీ కప్పు దగ్గరికి లాక్కుంటూ.

ఆమె కుడి మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నట్టుంది. కప్పు చేతిలో ఎడమవైపుకు ఒరిగే ఉంది. ఎదురుగా కూర్చున్న ఆర్వో లాహ్తికి కాఫీ ఎక్కడ ఒలుకుతుందోనని భయం వేసింది గాని, ఆమెకది అలవాటే కాబోలు, ఒక్క చుక్క కింద పడలేదు.

సెల్మా కోర్పి ఆఫీసంటే ఆమె వంటింటి పక్క వరండాయే. ముప్పై ఏళ్ళు ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున కాలిపోయిన ఇళ్ళు, మునిగిపోయిన పడవలు చూసి చూసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది. ఆర్వో స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు. ఆమె కారు నడపడానికి వచ్చి, ఆమె బుర్ర ఎలా నడుస్తుందో చూసే ఆశతో అక్కడే ఉండిపోయాడు.

ఆర్డిత్ చెప్పుకొచ్చింది. నాలుగేళ్ళుగా ఆమె, మొగుడు హార్లన్ కలిసి ఒక పాత ట్రైలర్‌ని బాగుచేశారు. 1959 నాటి అల్యూమినియం బండి, కారు వెనక తగిలించుకుని తిరిగే ఇల్లు. క్లీట్ రాస్ముసెన్ అనే ఆయన కొట్టంలో కోళ్ళు అందులో గుడ్లు పెడుతుంటే కొన్నారు. కుళ్ళిన నేల పీకి కొత్తది వేశారు, గోడల రేకంతా ఊడదీసి మళ్ళీ బిగించారు. అది అద్దంలా మెరిసేసరికి క్లీట్ తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. వీళ్ళు కుదరదన్నారు. "అందులో మీకు కంటినిండా నిద్ర పడితే చూస్తాను," అని హోటల్లో పదిమంది ముందు అన్నాడు.

మొన్న శనివారం చెరువు దగ్గర మొదటిసారి బండి నిలిపారు. వాన, చలి. భోజనం కాగానే హార్లన్ చేపలకు పోయాడు. ఆమె హీటర్ వేసుకుని నడుం వాల్చింది. తల పగిలిపోతుంటే మెలకువ వచ్చింది. కాళ్ళు ఆడలేదు. వాంతి చేసుకుంటూ తలుపు దాకా పాక్కుంటూ పోయింది. ఆస్పత్రిలో, ఒంట్లో పొగ విషం చేరిందన్నారు. షెరీఫ్ మనిషి వచ్చి, పాత బండ్లతో ఇంతే, బతికావు సంతోషించు అని వెళ్ళిపోయాడు. హార్లన్ కూడా వదిలెయ్యమన్నాడు.

"హీటర్ కొత్తదండీ. సెప్టెంబరు పదిన గ్యాసు మెకానిక్ వచ్చి, పొగ గొట్టం బాగుందని చీటీ అతికించి మరీ పోయాడు. ఆదివారాలు చర్చికి పోతే మేం షెడ్డుకి తాళం వెయ్యం. క్లీట్‌కి ఆ సంగతి తెలుసు."

"వచ్చే ఏడాది ఎక్కడికి ప్రయాణం?" అంది సెల్మా, అసలు సంగతి వదిలేసి.

ఆర్డిత్ మొహం వెలిగింది. వసంతంలో ఇల్లు అమ్మేస్తారు. ఇక బతికినంతకాలం ఆ బండిలోనే, ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి.

"ఆయనకీ అదే ఇష్టమా?"

"కాదనలేదు." ఆమె కప్పు కింద పెట్టింది. "ఆయన మాట్లాడేదే తక్కువ. నేను బిగించిన ప్రతి స్క్రూ మళ్ళీ విప్పి చూస్తాడు. నాలుగేళ్ళలో ఒక్కసారి, ఒక్క రోజు, 'బాగా పట్టావు' అన్నాడు. నవ్వకండి. వంటింటి క్యాలెండర్ మీద రాసుకున్నాను."

సెల్మా నవ్వలేదు. ఆర్వో కిటికీ వైపు చూశాడు.

*

హార్లన్ వాస్ షెడ్డులో గుడ్డముక్కతో ట్రైలర్ తుడుస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. వచ్చినవాళ్ళ మొహాలకన్నా వాళ్ళ బూట్ల మట్టి వైపే ఎక్కువ చూశాడు. ఎందుకండీ ఇదంతా, ఆమె బతికింది కదా అన్నాడు. పొగొస్తే కూసే అలారం ఎందుకు పెట్టలేదని సెల్మా అడిగింది.

"1959లో అవి లేవు. పాత బండ్ల పోటీలో జడ్జీలు మార్కులు కోస్తారు."

"హీటరూ కొత్తదేగా?"

"అది బీరువా వెనక ఉంటుంది. ఎవరికి కనిపిస్తుంది?"

లోపలి గోడలు వార్నిష్ పెట్టిన పలకలు. వాటిని తీస్తే వార్నిష్ చిట్లాలి. ఎక్కడా చిట్లలేదు. బీరువా అడుగున మాత్రం చెయ్యి మోచేతి దాకా దూరేంత కంత ఉంది. సెల్మా అరవై ఎనిమిదేళ్ళ ఒంటిని మూడు మడతలు పెట్టి అందులో చెయ్యి దూర్చింది. ఆర్వో టార్చి పట్టాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులోని చిన్న అద్దం తీసి లోపల పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత మంచం కింద పెట్టెలోకీ అదే అద్దం పెట్టి చూసింది.

"గొట్టం చుట్టూ గాజు దూది చుట్టారు," అంది బయటికొచ్చి. "దూది కింద గొట్టం రెండు ముక్కలు. రంపంతో కోశారు. మధ్యలో రెండు వేళ్ళ సందు. ఈ కంతలోంచి రంపం ఆడదు. బయటి రేకు విప్పి కోసి, మళ్ళీ రేకు మూసేశారు."

హార్లన్ చేతిలో గుడ్డ ఆగింది. "అయితే క్లీటే," అన్నాడు నెమ్మదిగా.

"ఆ రేకు మీరెప్పుడు బిగించారు?"

"నిరుడు వేసవిలో. మళ్ళీ ముట్టుకోలేదు."

ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు అడిగి తాగేటప్పుడు సెల్మా కళ్ళు గోడ మీద క్యాలెండర్ వైపే ఉండటం ఆర్వో గమనించాడు. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

*

క్లీట్ రాస్ముసెన్ తన కొట్టంలో తలకిందులుగా పెట్టిన బకెట్ మీద కూర్చుని, మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. చుట్టూ సగం విప్పిన ట్రైలర్లు మూడు.

"ఆ మాట అన్నాను. కడుపు మండి అన్నాను," అని ఒప్పుకున్నాడు. "అంత అందం ఆ మూగోడి చేతిలో పడిందే అని. అంతేగాని ఆడమనిషిని చంపుతానా?"

సెల్మా అతని బండి రేకు మీద వేలు పెట్టింది. రేకుని పట్టి ఉంచే ప్రతి రివెట్ మేకు నడుమా చిన్న చిల్లు ఉంది.

"వాళ్ళ బండికి ఇలా లేవే?"

"వాళ్ళవి గట్టి రివెట్లమ్మా, పాతకాలం తరహా. బయట ఒకరు రివెట్ గన్‌తో కొట్టాలి. అదే క్షణంలో లోపల ఇంకొకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టాలి. అప్పుడు లోపలికి పొడుచుకొచ్చిన దాని తోక నలిగి బిళ్ళలా అవుతుంది. నాకు వెనక దిమ్మ పట్టడానికి పెళ్ళాం ఏదీ? ఒంటిగాణ్ణి, బయటినుంచి ఒక్కడే కొట్టుకోగల ఈ చిల్లు రివెట్లతోనే సరిపెట్టుకుంటా. హార్లన్ వీటిని చూస్తే ఉమ్మేస్తాడు."

కారెక్కాక ఆర్వో ఉండబట్టలేక అడిగాడు. "అయితే ఇద్దరు చేశారన్నమాట. క్లీట్‌కి తోడెవరు?"

"బీరువా వెనక రేకుకి ఏ రివెట్లున్నాయో చూశావా?"

"చిల్లు లేనివి. ఏడు."

కేసు తేలినప్పుడల్లా సెల్మా హుషారుగా ఏదో కూనిరాగం తీస్తుంది. ఈసారి ఇల్లు చేరేదాకా కారు కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది.

*

మర్నాడు పొద్దున వాస్ వాళ్ళ షెడ్డులో అందరూ చేరారు. షెరీఫ్ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. క్లీట్ టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. ఆర్డిత్ బల్ల మీదున్న ఇనుప దిమ్మని పక్కకు జరిపి, అలవాటుగా అందరికీ కాఫీ పోసింది.

"గ్యాసు మెకానిక్ చూసినప్పుడు గొట్టం ఒకటే ముక్క," అని మొదలుపెట్టింది సెల్మా. "అంటే సెప్టెంబరు పది తర్వాతే రేకు విప్పి గొట్టం కోశారు. మళ్ళీ గట్టి రివెట్లతోనే మూశారు. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. క్లీట్ ఒంటిగాడు, అతనికి ఆ పద్ధతే లేదు. హార్లన్, ఆ రేకు నిరుడే బిగించానన్నావు."

"అవును."

"లోపల దిమ్మ పట్టినవాళ్ళ చెయ్యి నిటారుగా ఉంటే తోక నిటారుగా నలుగుతుంది. ఈ బండిలో అద్దానికి అందిన ప్రతి తోకా కొంచెం ఎడమకు ఒరిగి ఉంది. ఆ ఏడూ అంతే." ఆమె గొంతు తగ్గింది. "ఆర్డిత్, క్యాలెండర్ మీద ఆ మాట రాసుకుంది సెప్టెంబరు పద్నాలుగున. ఆ రోజు ఏం పట్టావమ్మా?"

ఆర్డిత్ కాఫీ జగ్గు బల్ల మీద పెట్టింది.

"రేకు సొట్టపోయింది, మార్చాలన్నాడు. బీరువాలో పడుకుని కంతలోంచి చెయ్యి పెట్టాను. ఏమీ కనిపించదు, తడుముకుంటూ పట్టాలి. మోచేతికి మెత్తగా దూది తగులుతోంది." ఆమె తన మణికట్టు వైపు చూసుకుంది. "చలికి చుట్టాడనుకున్నాను."

"చిల్లు రివెట్లు వేసుంటే నువ్వొక్కడివే పని ముగించేవాడివి," అంది సెల్మా హార్లన్‌తో. "మేమంతా క్లీట్ చేశాడనే అనుకునేవాళ్ళం. ఆ రేకుకి చిల్లు రివెట్ కొట్టడానికి నీకు చెయ్యి రాలేదు. చంపదలుచుకున్న మనిషినే పిలిచి దిమ్మ పట్టించుకున్నావు."

హార్లన్ గుడ్డని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు. అబద్ధం ఆడే ఓపిక కూడా అతనిలో మిగిలినట్టు లేదు.

"ఇల్లు అమ్ముతామని ఊరంతా చెప్పేసింది," అన్నాడు. "ఇరవై అడుగుల డబ్బా. చచ్చేదాకా అందులో ఈవిడా నేనూ. నాకు పని కావాలి గాని ప్రయాణం వద్దు. పని అయిపోయింది."

"వద్దని నాతో చెప్పొచ్చుగా," అంది ఆర్డిత్.

"నలభై ఏళ్ళలో నా మాట ఎప్పుడు విన్నావు?"

"నలభై ఏళ్ళలో నువ్వు మాట్లాడిందెప్పుడు?"

షెరీఫ్ మనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. గుమ్మం దగ్గర హార్లన్ ఆగి, ఇన్ని రోజులుగా తొలుస్తున్న సంగతి సెల్మాని అడిగాడు. అంత పొగలో ఆమె ఎలా బతికింది?

ఆర్డిత్ తనే చెప్పింది. "మంచం పక్క కిటికీ రబ్బరు నాకు సరిగా అతకలేదు. గాలి దూరేది. తిడతావని అతికిందని చెప్పి, పైన పరదా వేశాను. నువ్వు చూడకుండా వదిలేసింది అదొక్కటే."

హార్లన్ ట్రైలర్ కిటికీ వైపు ఒకసారి చూశాడు. అంతటి ఘడియలోనూ అతని మొహంలో చిరాకు కనబడింది. తర్వాత అతన్ని తీసుకుపోయారు.

క్లీట్ టోపీ పెట్టుకుని, బండి తనకక్కర్లేదని ఎవరూ అడగకుండానే చెప్పి వెళ్ళిపోయాడు. ఆర్వో కాఫీ కప్పులు ఏరుతున్నాడు. ఆర్డిత్ ట్రైలర్ చుట్టూ తిరిగి బీరువా ఉన్న వైపుకి వెళ్ళి, ఆ ఏడు రివెట్ల తలల మీదా ఒక్కొక్కటిగా వేలు పోనిచ్చింది.

"సెల్మా గారూ, మీరు లోపల అద్దం పెట్టి చూశారు కదా. నిజం చెప్పండి. ఇవి నిజంగా బాగొచ్చాయా, లేక నా నోరు మూయించడానికి బాగా పట్టావన్నాడా?"

సెల్మా కోర్పి ఏ ప్రశ్నకీ అంతసేపు తీసుకోవడం ఆర్వో ఎప్పుడూ చూడలేదు.

"బాగొచ్చాయి," అంది చివరికి. "ఈ బండి మొత్తంలో అన్నిటికన్నా అవే బాగున్నాయి."

ఆర్డిత్ తల ఊపింది. ఇంట్లోకి వెళ్ళింది. వంటింట్లో క్యాలెండర్ కాగితం చిరిగిన చప్పుడు షెడ్డు దాకా వినబడింది.