రాతి సీల్ దాహం

మా ఇంట్లో కుర్చీలు రెండే, అల్మరాలు మాత్రం నాలుగు. నలభై ఏళ్ళుగా ఉత్తర ధ్రువం దగ్గరి మా మంచు ఊళ్ళో చెక్కేవాళ్ళ దగ్గర నేను కొన్న రాతిబొమ్మలతో అవి నిండిపోయాయి. ఎలుగులు, గుడ్లగూబలు, కోరలున్న వాల్రస్‌లు. "రేపు నా సమాధి మీద పేర్చిన రాళ్ళు కూడా నచ్చితే ఇంటికి తెచ్చుకుంటావే నువ్వు," అంటాడు మా ఆయన సిమియోని. నవ్వేస్తాను. నిజం కాదని మాత్రం అనలేను.

వాళ్ళలో ముసలి పౌలుసి చివరగా చెక్కిన సముద్రపు సీల్ బొమ్మ కోసం రెండేళ్ళు తిరిగాను. ఆకుపచ్చ రాయి, మూరెడు పొడవు, తల పైకెత్తి నోరు తెరుచుకుని ఉంటుంది. బతికుండగా ఆయన ఇవ్వలేదు. పోయాక భార్య ఉలాయు ఇచ్చింది. డబ్బు ముట్టుకోలేదు.

"వేటలో పడిన సీల్ నోట్లో మంచినీళ్ళు పోస్తాం కదా వదినా, ఉప్పునీళ్ళలో బతికిన ప్రాణం దాహంతో పోకూడదని. ఒకసారి మా ఆయన తొందరలో పొయ్యలేదు. దాన్నే చెక్కాడు ఇలా. రోజూ దీని నోట్లో ఓ గుక్క పొయ్యి. సముద్రం మీద మంచు కరిగాక నీళ్ళలో వదిలెయ్యి."

"పొయ్యకపోతే?"

"మా ఆయన నాలుక పిడచగట్టి పోయాడు. నువ్వూ చూశావుగా."

పది రోజులు పోశాను. పదకొండో రోజు దాని పెదవి మీద తెల్లటి నీటిమరక కనిపించింది. అంత నున్నటి రాయికి మరకా! నా మనసొప్పలేదు. తుడిచి, నూనె రాసి, తళతళలాడేలా రుద్ది అల్మరాలో పెట్టాను. నీళ్ళు మానేశాను.

జనవరిలో ఒకరోజు పొద్దున్నే మంచుతుఫాను మొదలైంది. ముందురోజే నీళ్ళ లారీ వచ్చి ట్యాంకు నింపి వెళ్ళింది కాబట్టి నాకు బెంగ లేదు. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోయింది. గాలికి గోడలు కిర్రుమంటున్నాయి. రొట్టె కాలుస్తున్నాను. ఆ వాసనలోకి ఎక్కడినుంచో పచ్చి సీల్ కొవ్వు వాసన వచ్చి కలిసింది.

తర్వాత చప్పుడు. గుటుక్... గుటుక్...

ఎవరో తాగుతున్నారు. తాపీగా.

కుళాయి తిప్పాను. చుక్క రాలేదు. ట్యాంకు ఖాళీ అని ఎర్రదీపం వెలుగుతోంది. ఎక్కడా కారలేదు, నేలంతా పొడిగా ఉంది.

"మియాలియా... నీళ్ళు..."

మంచం మీంచి నన్ను పిలుస్తున్నాడు సిమియోని. పెదవులు పగిలి నెత్తురు కారుతోంది. కెటిల్‌లో మిగిలినవి తాగించాను. "ఉప్పు..." అన్నాడు. తలుపు తీసి గిన్నెడు మంచు తెచ్చి కరిగించాను. తాగాడు. "ఇదీ ఉప్పేనే..." నాలుక మీద వేసుకుని చూశాను. మంచినీళ్ళే!

గుటుక్...

చప్పుడు అల్మరాలోంచి. అప్పుడర్థమైంది నాకు. నా బొమ్మల పిచ్చి నా మొగుడి మీదికొచ్చింది. గిన్నెలో ఒక్క కప్పు మిగిలింది. దాన్ని తీసుకుని అల్మరా వైపు నడిచాను.

"నాకివ్వవే..." చెయ్యి చాపాడు.

ఇవ్వలేదు. ఆయన చూస్తుండగానే సీల్ నోట్లో పోశాను. ఆ నోరు బొటనవేలు పట్టేంత గుంట, అంతే. కప్పుడు నీళ్ళూ అందులోకి పోయాయి... ఒక్క చుక్క బయటికి రాలేదు.

మంచు తెచ్చి, కరిగించి, పోస్తూనే ఉన్నాను. ఆరో గిన్నెకి సీల్ నోటి అంచున నీళ్ళు నిలిచాయి. ఏడో గిన్నె సిమియోనికి పట్టాను. "మంచినీళ్ళే," అన్నాడు. నిద్రపోయాడు. నేను కింద కూర్చుని ఏడ్చేశాను.

గాలి తగ్గగానే, మంచు కరిగేదాకా ఆగకుండా, ఇద్దరం గడ్డకట్టిన సముద్రం మీదికెళ్ళి మంచుకి కన్నం పొడిచి దాన్ని వదిలేశాం. అంత భయంలోనూ దాన్ని వదలడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

నెల రోజులైంది. ఈ పూట అల్మరాలు తుడుస్తున్నాను. గుడ్లగూబ ముక్కు మీద తెల్లటి మరక. తుడిచినా పోలేదు. ఎలుగు పెదవి మీదా ఉంది. వాల్రస్ మూతి మీదా... నాలుగు అల్మరాల్లోనూ, అన్నిటికీ. వాటికి నేనెప్పుడూ నీళ్ళు పొయ్యలేదు.

వంటింట్లోంచి సిమియోని పిలిచాడు.

"ఏమే... టీలో ఉప్పేమైనా వేశావా?"