మూతలు తట్టే చెయ్యి

ఆ షెడ్డు పేరెత్తితే చాలు, ఫ్యాక్టరీలో కొమ్ములు తిరిగిన ఫిట్టర్లు కూడా మాట మార్చేస్తారు.

పొద్దు వాలాక అటు ఎవరూ పోరు. తప్పనిసరై పోవాల్సివస్తే ఇద్దరు కలిసి పోతారు, ఒకళ్ల చొక్కా ఒకళ్లు పట్టుకుని. ఎందుకంటే చీకటి పడ్డాక లోపల ఎవరో ఇనుము తడుతున్న చప్పుడు... టక్... కాస్త ఆగి, టక్... ఆ తరవాత ఒక నిట్టూర్పు —

"ఇదీ కాదు..."

నేను వినలేదు. మా బావ విన్నాడు, చూశాడు కూడా. ఆయన చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. మధ్యలో నా నోరు ఊరుకోకపోతే ఆ పాపం నాది, ఆయనది కాదు.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి గ్యాస్ గ్రిల్స్. పెరట్లో పెట్టుకుని, మూత ఎత్తి, మాంసమో మొక్కజొన్న పొత్తులో కాల్చుకునే పెద్ద పొయ్యిలు. మామూలువి కాదండోయ్, ప్రీమియం! ప్రీమియం అంటే ఏమిటని మాత్రం అడక్కండి. పేరున్న బిళ్ల భలే బరువుగా ఉంటుంది. పిడి తళతళలాడుతుంది. అట్టపెట్టె మీద "మీ మనవలు కూడా వాడుకుంటారు" అని బంగారు రంగు అక్షరాలుంటాయి. నిజమే, మనవలు వాడుకోవచ్చు. కొన్న తాత దాన్ని పెట్టెలోంచి బయటికి తీయకుండా ఉంటే చాలు.

ఒకప్పుడు ఇలా లేదట. అప్పట్లో సరుకు చూసే ఇన్‌స్పెక్టరుని అందరూ టక్‌టక్ పెద్దాయన అనేవాళ్లు. ప్రతి మూతనీ వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. దళసరి రేకు "ధమ్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. పల్చటిది ఖాళీ డబ్బాలా గలగలా వాగుతుంది. వాగినవాటిని ఆయన నిర్దాక్షిణ్యంగా వెనక్కి పంపేవాడు. చివరికి మేనేజరు "పెద్దవారు, ఇక విశ్రాంతి తీసుకోండి" అని మెడలో దండ వేసి ఆయన్నే వెనక్కి పంపేశాడు. ఆ చెవులు ఇంటికి పోయాక రేకు హాయిగా చిక్కిపోయింది.

కొన్నాళ్లకి పెద్దాయన పోయాడు. షెడ్డులోనే పోయాడని అందరూ చెప్పుకుంటారు. నిజానికి సొంత ఇంట్లో, సొంత మంచం మీద, జ్వరంతో పోయాడు. కానీ జ్వరంతో పోయాడంటే దెయ్యానికి పరువేముంటుంది?

ఆయన కుర్చీలో ఎవరూ నిలవలేదు. ఒకతను చప్పుడు విని మంచం పట్టాడు. ఇంకొకతను చెప్పాపెట్టకుండా పారిపోయాడు. తరవాత దొరికినవాడు మా బావ.

బావది తాత్కాలిక ఉద్యోగం. కొత్త సరుకు పొద్దున్నే లారీ ఎక్కాలి. "అంతా సవ్యంగా ఉంది" అని సంతకం పెడితే పర్మనెంటు. పెట్టకపోతే ఇంటికి. మా అక్క అప్పటికే పర్మనెంటు ఉద్యోగి పెళ్లాంలా నడవడం మొదలుపెట్టింది.

"ఒక్కసారి సరుకు చూసి పెడతానండి" అన్నాడు బావ.

"ముందు సంతకం పెట్టు బాబూ, తరవాత తీరిగ్గా చూసుకో. సరుకెక్కడికి పోతుంది?" అన్నాడు మేనేజరు.

ఎక్కడికి పోతుందో బావకి తెలుసు. జనం ఇళ్లకి పోతుంది. పోయిన సరుకులో ఒక గ్రిల్లుకి లోపలి గ్యాసు గొట్టం తుప్పు పట్టి, చిల్లుపడి, మంట పక్కకి తన్నింది. ఎవరో ఆవిడ చెయ్యి కాలింది. ఆ సరుకు మీద సంతకం పారిపోయినవాడిది. ఈసారి ఉండబోయేది తనది. ఆ రాత్రి బావ సగం అన్నంలోనే లేచాడు. సంతకం పెట్టేముందు తన చెవులతో వినాలనుకుని బయల్దేరాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ తాళంచెవి ఇస్తూ గొంతు తగ్గించాడు. "పోకండి సారూ... పెద్దాయన వచ్చాడు."

"నువ్వు చూశావా?"

"చూస్తే ఇక్కడుంటానా!"

బావ తలుపు తీసి లోపలికి వెళ్లాడు. చీకటి... టార్చి వెలుగులో గ్రిల్లులు బారులు బారులుగా, ముసుగుతన్ని పడుకున్న మనుషుల్లా ఉన్నాయి. మొదటి మూతని తట్టడానికి వేలు మడిచాడు. ఇంకా తట్టలేదు —

టక్.

చప్పుడు ఆ చివర్నించి వచ్చింది.

బావ టార్చి ఆర్పేశాడు. అట్టపెట్టెల వెనక చతికిలపడ్డాడు. తెలిసిన దేవుళ్లందరికీ ఒకేసారి దండం పెట్టాడు.

టక్... గలగల... "ఇదీ కాదు..."

దగ్గరికొస్తోంది... ఒక్కో మూతా తడుతూ, ఒక్కో బారూ దాటుతూ. దెయ్యాలకి కాళ్లు వెనక్కి తిరిగుంటాయంటారు. దీని కాళ్ల సంగతేమో గానీ, చెప్పులు మాత్రం కిర్రుకిర్రుమంటున్నాయి. ఆ సమయంలో బావకి ఆ ఆలోచన రాలేదు. దేవుళ్ల పేర్లు వెతుక్కుంటుంటే బుర్ర ఎక్కడ పనిచేస్తుంది?

సరిగ్గా బావ ముందున్న గ్రిల్లు దగ్గర చప్పుడు ఆగింది.

తెల్లటి చొక్కా చెయ్యి ఒకటి చీకట్లోంచి ముందుకొచ్చింది... బొటనవేలు మూత మీద ఆనించింది... మెల్లగా నొక్కింది...

టిక్!

రేకు లోపలికి పోయింది. మళ్లీ పైకి రాలేదు.

"ఛీ..." అంది దెయ్యం.

అంతలో దాని గుండెల మీద వెలుగు! బావ కేక వేయబోయి నోట్లో గుడ్డ కుక్కుకున్నాడు. దెయ్యం జేబులోంచి ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఆ వెలుగులో మొహం కనబడింది.

ఫ్యాక్టరీ యజమాని.

"లేదమ్మా..." అన్నాడాయన, గుసగుసగా. "అన్నీ చూశాను, ఒక్కటీ లేదు. ఇక్కడిది వద్దు తల్లీ... పిల్లలు తిరిగే ఇల్లు. బయటెక్కడైనా మంచిది చూసి కొందాం."

అదన్నమాట సంగతి! యజమాని ఇల్లు షెడ్డు వెనకే. కూతురి కొత్త ఇంటికని, ఎవరూ చూడకుండా వెనక తలుపులోంచి వచ్చి, సరుకు తయారైనప్పుడల్లా ఒక్క గట్టి గ్రిల్లు కోసం వెతుక్కుంటున్నాడు. సొంత ఫ్యాక్టరీలో, దొంగలా. పాపం, దొరకడం లేదు.

"దెయ్యమైనా బాగుండేదిరా" అన్నాడు బావ నాతో ఇది చెబుతూ. "అప్పుడు భయమొక్కటే ఉండేది. ఆ మాట విన్నాక ఒళ్లు మండిపోయింది. ఆయన మనవలే పిల్లలా? కొనుక్కునేవాళ్ల ఇళ్లలో తిరిగేవాళ్లు కాదా?"

చెప్పుల కిర్రు దూరమైంది. వెనక తలుపు మూసుకుంది. బావ లేచి ఆ సొట్టని తడిమి చూశాడు. పక్క మూత మీద తన బొటనవేలు ఆనించి నొక్కాడు.

టిక్.

దాని పక్కది... టిక్. ప్రతిదానికీ ఒక్క నొక్కు, అంతే. తట్టుకున్న మూత బతికిపోతుంది, అన్యాయం చేయకూడదు కదా! తెల్లారేదాకా నొక్కాడు. బొటనవేలు వాచి వంకాయంత అయింది. తట్టుకున్న మూత ఒక్కటీ లేదు.

పొద్దున్న షెడ్డు దగ్గర గగ్గోలు. లారీ వచ్చింది, సరుకు కొన్న దుకాణం మనిషీ వచ్చాడు. ప్రతి మూత మీదా, నడిబొడ్డున, ఒక సొట్ట. మేనేజరు గంతులు వేస్తున్నాడు.

"ఎవడో కావాలని చేశాడు సార్! చూడండి, ఇది వేలిముద్ర! వేలితో నొక్కాడు!"

యజమాని చాలాసేపు సొట్టలు చూశాడు. ఆ తరవాత దుకాణం మనిషి మొహం చూశాడు.

"వేలితోనా?" అన్నాడు నెమ్మదిగా. "మనిషి వేలితో నొక్కితే మన ప్రీమియం మూత సొట్టపడుతుందా?"

మేనేజరు గంతులు ఆగిపోయాయి. దుకాణం మనిషి చెవులు రిక్కించాడు. మనిషి పనంటే రేకు అట్టముక్కేనని ఒప్పుకోవాలి. రేకు గట్టిదంటే —

"దెయ్యమే సార్" అన్నాడు మేనేజరు. "పెద్దాయనే. బతికున్నప్పుడు కూడా ఆయన చెయ్యి మహా బలమైంది."

ఆ విధంగా, దండ వేసి ఇంటికి పంపేశాక చెల్లకుండా పోయిన ఆ పెద్దాయన మాట ఆ పూట మళ్లీ చెల్లింది. సరుకంతా కరిగించడానికి పోయింది.

"ఈసారి దళసరి రేకు తెప్పించు. లోపలి గొట్టాలు కూడా మంచివి వెయ్యి" అన్నాడు యజమాని.

"ఖర్చెక్కువవుతుందేమో సార్..."

"దెయ్యంతో బేరమాడతావా?"

మేనేజరు ఆడలేదు. యజమాని బావ వైపు తిరిగాడు. బావ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"సంతకం పెట్టావా?"

"లేదండి. దెయ్యం ముట్టిన సరుకు కదా... భయమేసింది."

"మంచిపని చేశావ్. పర్మనెంటు కాగితం తీసుకో. వచ్చే సరుకు నువ్వే చూద్దువుగాని."

నాలుగడుగులు వేసి ఆయన మళ్లీ వెనక్కి వచ్చాడు. చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించి, గుసగుసగా అన్నాడు —

"ఆ వేలికి ఏదైనా రాసుకోవయ్యా..."